మీరడిగితే: రొట్టె తీసుకుంటే బాకీ పడ్డట్టే

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ గుడి చుట్టూ, దర్గా చుట్టూ, చర్చి చుట్టూనే తిరిగాయి. ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్ బడుల్లో సోషల్ చెప్పినదాన్ని. వేదాంతం నాకు రాదు. చూసిందీ, పాఠం చెప్పడానికి చదువుకున్నదీ చెబుతాను.

ప్రశ్న: తిరుమలలో డబ్బున్నవాడికి ఒక లైనూ లేనివాడికి ఒక లైనూ ఏమిటండీ? దేవుడికి కూడా తేడాలుంటాయా?
— ఒక పాఠకుడు, గూడూరు

దేవుడి సంగతి నాకు తెలీదు గానీ లైన్లు కట్టింది మనుషులే. మూడొందల టికెట్టు మీదా వెళ్ళాను, ఉచిత దర్శనానికీ వెళ్ళాను. లోపల "జరగండమ్మా జరగండి" అని తోసే తోపు ఇద్దరికీ ఒకటే. తేడా అంతా కంపార్టుమెంట్లో ఉంది. ఒకసారి పద్నాలుగు గంటలు కూచున్నప్పుడు, పక్కనున్న మరాఠీ ఆవిడ నా మోకాళ్ళు చూసి తన సంచీలోంచి నూనె సీసా తీసి రాసింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. టికెట్టు లైనులో పక్కన ఎవరున్నారో కూడా చూసిన గుర్తు లేదు. మీరన్న అన్యాయం నిజమే. అయినా ఈ మోకాళ్ళతో ఈసారి వెళ్తే నేనూ టికెట్టే కొంటాను, ఏం చేయను!

ప్రశ్న: మా అమ్మ నెల్లూరు రొట్టెల పండగకు తీసుకెళ్ళమంటోంది. నాకు వీసా రెండుసార్లు కాదన్నారు, "వీసా రొట్టె" తీసుకుంటే వస్తుందట. నాకివి నమ్మకం లేదు. పైగా అది దర్గా, మేం హిందువులం. వెళ్ళాలా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

వెళ్ళు నాయనా, అమ్మ అడిగింది కదా. నీకంటే గట్టి మొండితనంతో వెళ్ళొచ్చినదాన్ని, నా కథ విను.

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది. బారా అంటే ఉర్దూలో పన్నెండు. యుద్ధంలో ప్రాణాలిచ్చిన పన్నెండు మంది సమాధులని చెబుతారు. ఏటా మొహర్రం నెలలో పండగ. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. తలమీద కొంగో రుమాలో కప్పుకుని, చెరువు నీళ్ళలో నిలబడి. ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇల్లు కట్టుకునే రొట్టె, ఇప్పుడు నీ వీసా రొట్టె. ఏ రొట్టె తీసుకున్నావో, పని అయ్యాక ఆ రొట్టే తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టాలి. రూలంటే అదొక్కటే. మీది ఏ మతమని అడిగే కౌంటరు అక్కడ లేదు. వచ్చేవాళ్ళలో చాలామంది మీవంటి హిందువులే.

నాకు పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేరు. మా అమ్మ నన్ను ఈడ్చుకెళ్ళింది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి "సంతానం రొట్టె! సంతానం రొట్టె ఎవరైనా ఇస్తారా!" అని కూరగాయల బండావిడలా కేకేస్తోంది. మా బడి పిల్లలెవరైనా చూస్తారేమోనని నేను కొంగు ముక్కుదాకా లాక్కున్నాను. నిన్నగాక మొన్న ఎనిమిదో తరగతికి మూఢనమ్మకాల మీద పాఠం చెప్పొచ్చినదాన్ని కదా! బురఖా ఆవిడ ఒకామె చంకలో పిల్లాణ్ణి సర్దుకుంటూ నీళ్ళు తోసుకుంటూ వచ్చింది. రొట్టె సగానికి తుంచి నా చేతిలో పెట్టి, "తీసుకో చెల్లీ, నాకు గుంటూరామె ఇచ్చింది" అంది. ఆ గుంటూరామె ఎవరో ఈమెకు తెలీదు, ఈమె ఎవరో నాకు తెలీదు. రొట్టె అంచు మాడింది, మధ్యలో బెల్లం. తడి వేళ్ళకు మెత్తబడి అంటుకుంది. అక్కడే తినేశాను.

ఆ ఏడంతా డాక్టరమ్మ రాసిన మాత్రలు కూడా మింగాను. పాప పుట్టింది. మాత్రలా, రొట్టా అని మా అమ్మతో వాదించబోయి ఆగిపోయాను. డాక్టరమ్మకు ఫీజు కట్టేశాను, ఆ లెక్క చెల్లిపోయింది. రొట్టె బాకీ మాత్రం ఉండిపోయింది. మరుసటి మొహర్రంకి నేనే పిండి కలిపి, నేనే కాల్చి, అదే చెరువులో దిగాను. ఈసారి కేకేసింది నేను. కన్నడం మాట్లాడే ఒక చిన్నపిల్ల, ఇరవై కూడా ఉండవు, రొట్టె పుచ్చుకుని నా రెండు చేతులూ తన కళ్ళకద్దుకుంది. నాకు నోట మాట రాలేదు.

సోషల్ టీచరు బుద్ధి ఊరుకోదు కాబట్టి ఇంకో సంగతి. కోరిక తీరనివాళ్ళు రొట్టె పట్టుకుని రారు. అందుకే ఆ నీళ్ళలో నిలబడి చూస్తే లోకంలో అందరి కోరికలూ తీరిపోయినట్టే ఉంటుంది. తీరనివాళ్ళ లెక్క ఏ చెరువూ రాయదు. కాబట్టి వీసా ఎందుకు కాదన్నారో ఆ కాగితాలు ముందు సరిచేసుకో. వచ్చిందనుకో, బాకీ తీర్చడానికి డాలస్ నుంచి నెల్లూరు దాకా రావాలి మరి. టికెట్టు ఖర్చు ఇప్పుడే లెక్కేసుకో.

ప్రశ్న: మా కోడలు దేవుడికి దణ్ణం పెట్టదు, పిల్లల చేత పెట్టించదు. దేవుడి భయం లేకుండా పెరిగితే దారి తప్పరా?
— ఒక నాయనమ్మ, తెనాలి

మీకు పక్కనే విజయవాడ ఉందిగా వదినగారూ. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకు మార్చారు. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం చూడకూడదంటే, ఆయన భార్య సరస్వతి గారు కడుపుతో ఉండే చూశారు. పెద్దమ్మాయి మనోరమను, అంటరానివాళ్ళంటూ ఊరు దూరం పెట్టిన ఇంటి అబ్బాయికిచ్చి 1948లో సేవాగ్రాంలో పెళ్ళి చేశారు. దగ్గరుండి చేయిస్తానన్న గాంధీగారు ఆ వేళకు లేరు. దణ్ణం పెట్టే ఇళ్ళల్లో ఎన్ని ఆ పని చేశాయి?

అలాగని దణ్ణం పెట్టనివాళ్ళంతా గోరాలని కాదు. "నేను దేవుణ్ణి నమ్మను" అని బల్ల గుద్ది, కొడుకు కట్నం నోట్లు నాలుక తడి చేసుకుని లెక్కపెట్టిన మహానుభావుణ్ణి మా స్టాఫ్‌రూములోనే చూశాను. మీ కోడలు పాలవాడికి డబ్బులు వేళకు ఇస్తోందా, పనిమనిషిని ఏమని పిలుస్తోంది, అవి చూడండి. పిల్లలకు రామాయణం మీరు చెప్పండి, ఎవరొద్దన్నారు!

ప్రశ్న: "మీ తాతలు కరువులో కూటి కోసం మతం మారారు" అని పక్కింటాయన నలుగురిలో అన్నాడు. ఏం చెప్పాలో తోచక తలొంచుకుని వచ్చేశాను.
— ఒక పాఠకుడు, ఒంగోలు దగ్గర పల్లె

తలెత్తండి. ఆయనకు చరిత్ర తెలీదు, చెబుదాం.

ఆయనన్నది 1876-78 నాటి ధాత కరువు. దానికి పదేళ్ళ ముందే, 1866లో, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ యెర్రగుంట్ల పేరయ్య ఒంగోలులో బాప్టిస్టు మిషన్ దొర క్లౌ దగ్గరకు తనంతట తానే వెళ్ళాడు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని మీ బడికి పంపేది లేదని పెద్ద కులాలవాళ్ళు అన్నారు, అన్నట్టే మాన్పించారు. ఇక కరువులో బకింగ్‌హామ్ కాలువ పని వచ్చింది. క్లౌ మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగపల్లెల్లోంచి వేలమంది వచ్చి మన్ను తవ్వి, చెమటోడ్చి కూలి తీసుకున్నారు. ఎంత అడిగినా ఆయన ఆ పదిహేను నెలలూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని, మీ పక్కింటాయన లాంటివాళ్ళుంటారని ముందే ఎరిగి! సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. ఊరి చెరువు ముట్టుకునే హక్కు లేనివాళ్ళు, పట్టపగలు ఏట్లో దిగారు.

కూటికోసమే మారారనుకోండి, సిగ్గుపడాల్సింది ఆకలేసినవాడా, గాదెలో గింజలుండీ పెట్టనివాడా?

ఆ మునిగి లేచినదానికి కట్టిన ఖరీదు వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఎస్సీ కులాల్లోంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బి.సి.–సి, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు. కులం పేరు పెట్టి తిట్టేవాడు మాత్రం సర్టిఫికెట్ చూసి తిట్టడు.

అడ్మిషన్ రిజిస్టరు రాసిన చేతులివి. ఒక జూన్ నెల, ఒకాయన కొడుకును ఆరో తరగతిలో చేర్పించడానికి తెచ్చాడు. పిల్లాడి పేరు ఇస్సాకు. మతం గడి దగ్గర నా పెన్ను ఆగింది. ఆయన బయట వరండాలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "హిందూ అని రాయండమ్మా" అన్నాడు.

"ఇస్సాకు అని పెట్టుకుని హిందూ ఏమిటయ్యా?" అన్నాను.

"అది గవర్నమెంటోళ్ళ కోసం గదమ్మా. ఆయనకు తెలుసులే."

రాశాను.