అది జిడ్డా, చెమటా? ముందు కాగితం అద్ది చూడండి

మీరు అడిగింది ఇదీ: పుట్టిల్లు అనంతపురం, పెళ్ళయి ఆరు నెలల క్రితం అమలాపురం వచ్చారు. అక్కడున్నన్నాళ్ళూ పొడిచర్మమని క్రీములు రాసుకున్న ముఖం, ఇక్కడికొచ్చాక ఎప్పుడు చూసినా జిగటగా ఉంటోంది. నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు. పార్లర్ ఆవిడ ఆయిలీ స్కిన్ అంది, అత్తగారు వేడి చేసిందన్నారు. ఏ ఫేస్‌వాష్ కొనాలి?

నేను పుట్టిందీ మెట్టిందీ కోనసీమేనండి. టీచర్‌ని. రోజూ స్కూటీ మీద రొయ్యల చెరువుల మధ్య నుంచి కాట్రేనికోన వైపు వెళ్ళొస్తాను. ముఖం విషయంలో చెయ్యకూడని పనులన్నీ పదేళ్ళపాటు శ్రద్ధగా చేసినదాన్ని, కాబట్టి జవాబు కాస్త పొడుగే. మీ చర్మం ఆరు నెలల్లో మారిపోయిందని నాకైతే అనిపించట్లేదు. గాలి మారింది, నీళ్ళు మారాయి, బహుశా తలకి రాసే నూనె కూడా మారింది.

ముందు గాలి సంగతి. మీ ఊళ్ళో ఆరేసిన చీర గంటలో పటపటలాడుతుంది. ఇక్కడ శ్రావణమాసంలో రెండ్రోజులు ఆరినా మడతలో చెయ్యి పెడితే చెమ్మే. చెమటదీ అదే కథ. అక్కడా పట్టేది, కానీ పట్టింది పట్టినట్టే ఆరిపోయేది గనక మీకు తెలిసేది కాదు. ఇక్కడ గాలే తడితో నిండి ఉంటుంది. చెమట ఎటూ పోలేక ముఖం మీదే నిలబడి మెరుస్తుంది. అద్దంలో అచ్చం జిడ్డులాగే కనపడుతుంది. కానీ చెమట పట్టే గ్రంథులు వేరు, నూనె ఊరే గ్రంథులు వేరు. జిడ్డుచర్మమా, పొడిచర్మమా అన్నది ఆ నూనెని బట్టి చెప్పే మాట.

నేను ఆ తేడా తెలియకే దెబ్బతిన్నాను. ఇంటర్ నుంచీ నాది జిడ్డుముఖమనే నమ్మకం. రోజుకి నాలుగుసార్లు ఒంటిసబ్బుతోనే ముఖం తోమేదాన్ని. మా వీధిలో బోరు నీళ్ళు ఉప్పన. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేస్తే ఇక అవే గతి. అలాంటి నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. బక్కెట్ అంచుకి పట్టేది కనపడుతుంది, ముఖానికి పట్టేది కనపడదు. పైగా మామూలు సబ్బు క్షారం. దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, మన చర్మం పైపొరదేమో 5కి అటూఇటూ. కడిగిన పది నిమిషాలకి బుగ్గలు డప్పుతోలులా బిగుసుకునేవి. గంట తిరిగేసరికి మళ్ళీ మెరుపు. మళ్ళీ కడగడం. కొన్నాళ్ళకి బుగ్గల మీద సన్నగా పొట్టు లేవడం మొదలైంది, పసుపు రాస్తే భగ్గున మండేది. జిడ్డుముఖానికి పొట్టెందుకు లేస్తుందీ అని ఒక్కసారైనా అనుకోలేదు చూడండి, పిల్లలకి కఠినజలం పాఠం చెబుతూ కూడా!

కాకినాడలో చర్మం డాక్టరుగారు నా సబ్బు పురాణమంతా విని, నుదుటి మీద ఒకటి, బుగ్గ మీద ఒకటి టిష్యూ ముక్కలు అద్ది బల్ల మీద పెట్టి, మాటల్లో పడ్డారు. పావుగంట తర్వాత రెండూ చూపించారు. రెండూ పొడిగానే ఉన్నాయి. నాది పొడిచర్మం, దాని మీద కోనసీమ చెమట. అంతే.

ఆ పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం గుర్తుందా? నూనె అంటినచోట కాగితం గాజులా అయిపోతుంది, ఎండలో పెట్టినా ఆ మరక పోదు. నీళ్ళు పడినచోట తడుస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది. సరిగ్గా అదే సూత్రం. రెండు రోజులు తలకి నూనె పెట్టకండి. మూడో రోజు సాయంత్రం మెత్తని ఫేస్‌వాష్‌తో, బోరు నీళ్ళు కాకుండా తాగే క్యాన్ నీళ్ళతో ముఖం కడిగి, రుద్దకుండా అద్దుకోండి. ఏమీ రాయకండి. వంటింట్లోకి వెళ్ళకండి, పొయ్యి దగ్గర ఎవరి ముఖమైనా మెరుస్తుంది. ఫ్యాను కింద గంటసేపు కూర్చుని, అప్పుడు నుదురు, ముక్కు, గడ్డం, రెండు బుగ్గలు, ఒక్కోచోట ఒక్కో పలచని తెల్ల టిష్యూ ముక్క కాసేపు ఒత్తి పెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. తీసి వెంటనే చూడకండి. పావుగంట ఆరనిచ్చి, అప్పుడు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి.

అన్ని ముక్కలూ గాజు మరకలతో ఉంటే జిడ్డుచర్మం. నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే మరకపడి బుగ్గలవి శుభ్రంగా ఉంటే మిశ్రమం, అంటే కాంబినేషన్ అంటారే, అది. ఎక్కడా మరక లేక, ముఖం బిగిసినట్టుంటే పొడి. మరకా లేదు, బిగుతూ లేదంటే అదృష్టవంతులు, దాని జోలికెళ్ళకండి. కొందరికి మరకా ఉంటుంది, బిగుతూ ఉంటుంది. అది నూనె ఉండి నీరు ఆరిపోయిన చర్మం, ఎక్కువ తోమేవాళ్ళలో కనపడుతుంది. వీళ్ళు కొనడం కంటే మానడం ముందు చెయ్యాలి. ఇక ఏది రాసినా మండిపోయే సున్నితచర్మం అనేది విడిగా ఒక రకం కాదు, పై వాటిలో దేనికైనా తోడుగా ఉండొచ్చు. ఒక్కరోజు చూసి తేల్చకండి, వారం తేడాలో రెండు మూడుసార్లు చెయ్యండి.

ఇప్పుడు మీ నుదుటి పొక్కులు. ఈ మాట అంటే మా ఊళ్ళో నన్ను వెలేస్తారేమో గానీ, నా అనుమానం కొబ్బరినూనె మీదే. అనంతపురంలో తలకి ఎంత రాసేవారో తెలీదు. ఇక్కడ గానుగలో ఆడించిన నూనె అత్తగారు ముందు కూర్చోబెట్టుకుని మరీ పెడతారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. అది చెమటతో పాటు నుదుటి మీదకి దిగుతుంది, రాత్రి దిండుకి అంటి బుగ్గలకి ఎక్కుతుంది. జుట్టుకి మంచిదే, కాదనను. ముఖం మీద మాత్రం అది రంధ్రాలు మూసేసే రకం. మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో నుదుటి నిండా వచ్చాయి. సబ్బులు మార్చాం, పుదీనా రుబ్బి పట్టించాం. చివరికి నూనె తలంటుకి గంట ముందు పెట్టి, తలంటేసి, దిండు గలేబు మూడ్రోజులకోసారి మార్చడం మొదలుపెడితే రెండు నెలల్లో తగ్గాయి. ఒకటి గమనించండి: పొక్కులన్నీ ఒకే సైజులో సన్నగా ఉండి దురద పెడుతుంటే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. చెమట ఎక్కువున్న చోట వెంట్రుక కుదుళ్ళలో పెరిగే ఒకరకం ఫంగస్ వల్ల అలా వస్తాయి. దానికి మొటిమల మందు పనిచెయ్యదు, డాక్టరుకి చూపించాల్సిందే.

కొనేటప్పుడు ట్యూబు ముందువైపు బొమ్మ కాదు, వెనక చిన్నక్షరాలు చదవండి. జిడ్డు అని తేలితే సాలిసిలిక్ యాసిడ్ ఉన్న జెల్ ఫేస్‌వాష్. అది నూనెలో కరిగే రకం గనక రంధ్రాల్లోకి దిగి శుభ్రం చేస్తుంది. రోజు మార్చి రోజుతో మొదలుపెట్టండి. మీది పొడిచర్మమే అయితే నురగ తక్కువుండే మెత్తని క్లెన్సర్ చాలు, అదీ రాత్రిపూట. ఉదయం ఉత్త నీళ్ళు. కడిగాక ముఖం ఇంకా తడిగా ఉండగానే గ్లిజరిన్, సెరమైడ్ ఉన్న క్రీము రాయాలి, ఆరాక రాస్తే అంత ఫలితం ఉండదు. జిడ్డు వాళ్ళు క్రీమెందుకని మానేస్తారు, అదీ తప్పే. వాళ్ళకి పలచని జెల్ రకం. మిశ్రమం వాళ్ళు ముఖానికంతటికీ ఒకటే రాయాలని రూలేం లేదు, బుగ్గలకొకటి, ముక్కుకొకటి. ఏది కొన్నా ముందు చెవి వెనక నాలుగైదు రోజులు రాసి చూసుకోండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలెడితే, మండినప్పుడు ఏది మండిందో తెలియదు. నెల గడవకుండా పనిచెయ్యలేదనీ అనకండి.

సన్‌స్క్రీన్ మబ్బు రోజైనా, ఏ రకం చర్మమైనా. ట్యూబు మీద ఎస్పీఎఫ్ (ఎండకి కమలకుండా కాపాడే కొలత) 30 తగ్గకుండా, పీఏ (చర్మాన్ని నల్లబరిచే కిరణాలని ఆపే కొలత) పక్కన మూడు ప్లస్సులైనా ఉన్నది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీత గీస్తే వచ్చేంత ముఖానికీ మెడకీ కావాలి, బఠానీ గింజంత రాసి పనిచెయ్యట్లేదంటే ఎలా! మన చెమటకి రెండు గంటల్లో కారిపోతుంది, నేను మధ్యాహ్నం భోజనాల బెల్లయ్యాక మళ్ళీ రాస్తాను. తోటి టీచర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మంగు ఉన్నవాళ్ళు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ అడిగి తీసుకోండి, మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది.

వంటింటి వైద్యాల్లో నేను గట్టిగా వద్దనేది నిమ్మకాయ ఒక్కటే. నిమ్మరసం రాసి ఎండలోకెళితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లమచ్చ నెలలు ఉండిపోతుంది. సున్నిపిండి ఒంటికి మంచిదే, పొడి ముఖానికి గరుకు. పాలమీగడ పొడిబారిన చేతులకి రాసుకోండి, పొక్కులున్న ముఖానికి వద్దు. కొబ్బరినీళ్ళతో ముఖం కడుక్కోమని ఎవరైనా అంటే, నవ్వి తాగెయ్యండి.

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పొట్టు లేచే రోజుల్లోనే ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక ట్యూబు కొన్నాను, తెల్లబడతారని. వారంలో ముఖం నున్నగా మెరిసింది. ఊరందరికీ చెప్పాను కూడా, ఆ పాపం ఇంకా గుచ్చుతుంది. మూడు నెలలకి బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు, చెంపల పక్కన నూగు. మానేస్తే మంట, రాస్తే చల్లదనం, వదలడానికి లేదు. అందులో స్టెరాయిడ్ ఉందని కాకినాడ వెళ్ళాకే తెలిసింది. మాన్పించడానికి ఆరు నెలలు పట్టింది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఈ మూడు పేర్లలో ఏది కనపడినా డాక్టరు చీటీ లేకుండా ముఖానికి రాయకండి. 2018లో ప్రభుత్వం ఇలాంటి క్రీములని చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అడిగితే ఇచ్చేసే షాపులు అయినా ఉన్నాయి. పార్లర్‌లో మూతకి పేరు లేని డబ్బాలోంచి తీసి రాసేదాంట్లో ఏముందో అసలు తెలియదు, వద్దని లేచి వచ్చెయ్యండి.

కాబట్టి మీరు ఈ వారం ఏమీ కొనకండి. ముఖానికి సబ్బు మానండి, చివరి కడుగు క్యాన్ నీళ్ళతో కానివ్వండి, నూనె తలంటు రోజుకే పెట్టమని అత్తగారిని నెమ్మదిగా ఒప్పించండి. డాక్టరు చెప్పారనండి, వింటారు. చెమట పడితే సబ్బు కాదు, తడి రుమాలుతో అద్దుకోవడం. తర్వాత కాగితం అద్ది, ఏ ముక్క మరకపడిందో ఇక్కడ రాయండి, అప్పుడు ఫేస్‌వాష్ సంగతి మాట్లాడుకుందాం. మళ్ళీ సంక్రాంతి మంచులో ఒకసారి, కాలవలు కట్టేసిన నెలలో ఒకసారి అద్ది చూడండి. నాకైతే జనవరిలో వాడే క్రీము మే నెలలో సగమే పడుతుంది.