ఐదో నెలలో ఉపవాసం ఉండాలా?

ప్రశ్న: మాది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం. నిరుడు పెళ్ళయి గుంటూరులో లూథరన్ వాళ్ళింటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, ఈస్టర్ తప్ప, ఈస్టరుకు ముందు శ్రమల దినాలంటూ నలభై రోజులు పాటించరు. ఇక్కడ ఆ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఇంట్లో నీసు వండరు. అత్తయ్యగారు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళే తాగుతారు. నాకిప్పుడు ఐదో నెల. ఉపవాసం ఉండమని నాతో ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. అందరూ పస్తుంటే నేనొక్కదాన్నే టిఫిను తినాలంటే మనసొప్పడం లేదు. రోజూ ఇదే టెన్షన్. ఏం చేయను?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ముందు టిఫిను తినమ్మా. ఇందులో రెండో మాట లేదు. ఉపవాస నియమాలను కాగితం మీద రాసుకున్న రోమన్ కాథలిక్కులు కూడా 18 ఏళ్ళు నిండినవాళ్ళ నుంచి 59 ఏళ్ళవాళ్ళ దాకానే, అదీ భస్మ బుధవారం, మంచి శుక్రవారం రెండు రోజులే తప్పనిసరి అంటారు. రోగులనూ గర్భిణులనూ ఆ రెండు రోజులు కూడా ఉండమనరు. ఇక మన లూథరన్ సంఘాల్లో ఇది ఎవరి మనసుకు వాళ్ళు తీసుకునే తీర్మానం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచీ మనకు పండుగల క్యాలెండరు ఉంది. ఒంగోలు బాప్టిస్టులకు ఆ ఆనవాయితీ లేదు. అంతమాత్రాన మీ పుట్టింటివాళ్ళకు భక్తి తక్కువని కాదు.

మీ అత్తగారితో నువ్వే మాట్లాడు. "అత్తయ్యా, డాక్టరమ్మ వేళకు తినమంది, గుడ్డు కూడా తినమంది" అని చెప్పు. ఆవిడా పిల్లల్ని కన్న తల్లే. గది తలుపు వేసుకుని తినొద్దు. చాటుగా తినడం మొదలైతే నలభై రోజులూ ఇద్దరికీ ఇబ్బందే. ఉపవాసం ఉన్నవాళ్ళను తల అంటుకుని, ముఖం కడుక్కుని మామూలుగా ఉండమని ప్రభువు మత్తయి 6లో చెప్పాడు. ఎవరు ఉంటున్నారో, ఎవరు ఉండటంలేదో కనిపెట్టి చూసే పని మనకు పెట్టలేదు.

అలాగని నీకు ఈ దినాల్లో భాగం లేదనుకోకు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేసేది. రేషను బియ్యమైనా, అప్పు తెచ్చిన బియ్యమైనా ఆ గుప్పెడు తప్పేది కాదు. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజున గుప్పెడు ఇంకాస్త బిగించేది, అంతే. మట్టల ఆదివారం నాటికి డబ్బా నిండేది. దాన్ని ఒక ముసలమ్మ ఇంటికి మాచేత పంపేది. యెషయా 58 చదివితే దేవుడు కోరిన ఉపవాసం ఇదేనని తెలుస్తుంది: ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టడం. పూట మానేసినవాళ్ళు ఆ పూట బియ్యం ఎవరికీ ఇవ్వకపోతే అది సగం ఉపవాసమేనని నా గట్టి నమ్మకం. నువ్వు కడుపునిండా తిని కూడా ఆ గుప్పెడు తీయగలవు. అత్తగారినీ కలుపుకో.

మంచి శుక్రవారం సంగతి కూడా చెప్తాను. పన్నెండింటి నుంచి మూడింటి దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన. మన ఎండలు తెలుసుగా, పైగా గుడి కిటకిటలాడుతుంది. తలుపు దగ్గర, ఫ్యాను కింద కుర్చీ వేయించుకో. ఐదో మాట ప్రభువు దప్పిక గురించే. నీళ్ళ సీసా పక్కన పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించడం మా ఊరి అలవాటు. అది చనిపోయినవాళ్ళను పూజించడమేనని కొందరు యువకులు అంటున్నారు. మానేయాలా?
– ఒక సంఘ పెద్ద, తెనాలి

జవాబు: మానేయకండి. సమాధులకు సున్నం వేసి, చెరిగిన పేర్లు మళ్ళీ దిద్ది, బంతిపూలు పెట్టి పాటలు పాడుకుంటాం. అక్కడ మనం ఎవరినీ వేడుకోం. వాళ్ళు లేస్తారన్న నిరీక్షణతో వెళ్తాం. మొదటి ఈస్టర్ నాడు స్త్రీలు కూడా తెల్లవారకముందే ప్రభువు సమాధి దగ్గరికే వెళ్ళారు కదండీ. ఆ యువకుల్లో ఒకరిచేత అక్కడే 1 కొరింథీ 15 చదివించండి. అయినవాళ్ళెవరూ లేక గడ్డి మొలిచిన సమాధులు తోటలో ఉంటాయి. శనివారం సాయంత్రమే వాటిని శుభ్రం చేసే బాధ్యత కూడా ఆ యువకులకే అప్పగించండి.

ప్రశ్న: క్రిస్మస్ తేదీ మారదు, ఈస్టర్ ఎందుకు మారుతుంది?
– ఒక విద్యార్థి, ఏలూరు

జవాబు: ఈస్టర్ లెక్క చంద్రుణ్ణి బట్టి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారమే ఈస్టర్. అందుకే మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. భస్మ బుధవారం దానికి 46 రోజుల ముందు వస్తుంది. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు కాబట్టి నలభై అంటాం.