రేడియేషన్ బ్రాంచి అంటే అమ్మ ఏడుస్తోంది

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నీట్ పీజీలో నా ర్యాంకుకి రేడియేషన్ ఆంకాలజీ, అంటే కేన్సర్‌కి రేడియేషన్‌తో చికిత్స చేసే బ్రాంచిలో సీటు వచ్చేలా ఉంది. పిన్ని గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో పోయినప్పటి నుంచి ఈ బ్రాంచి మీదే నా మనసు. రేడియేషన్‌లో పనిచేస్తే పిల్లలు పుట్టరని అమ్మ ఏడుస్తోంది. నాన్న నర్సింగ్ హోమ్‌కని స్థలం కొని ఉంచారు, మళ్లీ పరీక్ష రాసి గైనిక్ తెచ్చుకోమంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మగారి భయానికి సూటిగా సమాధానం ఉంది. రేడియేషన్ ఇచ్చే యంత్రం, అంటే లీనియర్ యాక్సిలరేటర్ నడిచేటప్పుడు గదిలో పేషెంటు ఒక్కరే ఉంటారు. సిబ్బంది మందపాటి కాంక్రీటు గోడల బయట కూర్చుని కెమెరాలో చూస్తారు. లోపలికి వెళ్లేవాళ్ల కోటుకి రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఉంటుంది, ఎవరికి ఎంత డోసు తగిలిందో అది చెప్పేస్తుంది. అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు పెట్టిన హద్దు, ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం ఇది). గర్భవతినని చెప్పిన దగ్గర్నుంచి బిడ్డకి తగిలేది 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. ఈ అంకెలు అమ్మగారికి ఎక్కవు లెండి. ఇదే బ్రాంచిలో పనిచేస్తూ పిల్లల్ని కన్న డాక్టరమ్మ ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడించండి.

నాన్నగారి విషయం ఇంత తేలిగ్గా తేలదు, ఎందుకంటే ఆయన లెక్క తప్పు కాదు. రేడియేషన్ యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. దాన్ని పెట్టే గది ప్లానుకీ అటామిక్ ఎనర్జీ బోర్డు అనుమతి కావాలి, డోసు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్ట్ ఉండాలి. సొంత ఊళ్లో చిన్న నర్సింగ్ హోమ్‌లో అయ్యే పని కాదు. మీరు హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా లాంటి కేన్సర్ ఆసుపత్రిలోనో, ఏదో కార్పొరేట్ ఆసుపత్రిలోనో ఉద్యోగం చేయాల్సిందే. ఆ స్థలంలో మీ పేరుతో బోర్డు లేవకపోవచ్చు. 'తర్వాత చూద్దాంలే నాన్నా' అని మభ్యపెట్టకండి.

ఇక మీ సంగతి. పిన్ని మీద ప్రేమ మిమ్మల్ని ఆ డిపార్ట్‌మెంట్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. లోపల రోజూ చేసేది కంప్యూటర్ ముందు కూర్చుని సీటీ స్కాన్‌లో ఒక్కో స్లైసు మీదా గడ్డ హద్దు గీయడం, మూత్రాశయానికీ పురీషనాళానికీ డోసు తగ్గేలా ప్లాన్ సరిచూడటం. ఓపీలో ఒకరు రొమ్ము కేన్సర్‌కి మూడు వారాల రేడియేషన్ ముగించుకుని నవ్వుతూ వెళ్తారు. మరొకరు ఎముక నొప్పి తగ్గితే చాలని ఒక్క సిట్టింగ్ కోసం వస్తారు, జబ్బు నయం కాదని వాళ్లకీ తెలుసు, మీకూ తెలుసు. వచ్చిన ప్రతివాళ్లలోనూ పిన్నే కనిపిస్తే ఎక్కువ కాలం నిలబడలేరు.

ఆప్షన్లు లాక్ చేసేలోపు ఏదైనా కేన్సర్ ఆసుపత్రిలో అనుమతి తీసుకుని వారం రోజులు గడపండి. సాయంత్రం పీజీలు ప్లానింగ్ చేస్తుంటే పక్కన కూర్చోండి. విసుగొస్తే ఈ బ్రాంచి వద్దు. టైమ్ తెలియకపోతే మాత్రం స్థలం కోసం ఏడాది పోగొట్టుకోకండి. గైనిక్ మీద ఇష్టం ఉందని మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు మరి.

స్థలం మాట నాన్నగారితో మీరే కూర్చుని తేల్చుకోండి, అమ్మతో కబురు పంపొద్దు. అమ్ముతారో, అద్దెకిస్తారో ఆయన ఇష్టం.