పశువుల రోగం ఉన్న రోజుల్లో జింకల వేట: మేనల్లుడికి మావయ్య రాసిన ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు డీఎస్‌సీ లెవెల్ వన్, అంటే ఇక్కడి జింకల వేట పరీక్ష పాసయ్యావని, ఇంగ్లాండ్‌లోని సఫోక్‌లో రెండు ఫారాల వాళ్లు జింకలు కొట్టడానికి పర్మిషన్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఆమెకు మాత్రం ఒకటే టెన్షన్, "జింకను కొడితే జైల్లో పెడతారు కదా అన్నయ్యా" అని. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆమె అన్నది నిజమే. బ్రిటన్‌లో మాత్రం జింకల్ని తినే తోడేళ్లు, లింక్సులనే అడవి పిల్లులు ఎప్పుడో అంతరించాయి. జింకల సంఖ్య తగ్గించకపోతే అడవిలో మొక్క ఎదగదు, పొలంలో పంట మిగలదు. అందుకే ఇక్కడ సీజన్లు పెట్టి వేటకు వీలు కల్పించారు. అమ్మకు ఇది నేను నచ్చజెబుతాలే.

నువ్వు నన్ను అడిగింది వేరు. పశువులకు రోగమొచ్చి జోన్లు పెట్టినప్పుడు వేటకు వెళ్లొచ్చా, కొట్టిన జింకను కార్లో వేసుకుని రావచ్చా అని. దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఏ రోగమో తెలియాలి. ఒక్కో రోగం ఒక్కో దారిన ప్రయాణిస్తుంది, రూల్ కూడా ఆ దారిని బట్టే ఉంటుంది. దారి తెలిస్తే రూల్ నీకు గుర్తుండిపోతుంది. తెలియకపోతే ప్రభుత్వ ప్రకటన ఎన్నిసార్లు చదివినా తలకెక్కదు.

ముందు గాలికుంటు గురించి రాస్తాను, అన్నిటికంటే గట్టి రూల్స్ దానికే కాబట్టి. మన పల్లెల్లో అది ఏటా వచ్చిపోయే రోగం. ఎద్దు నోట చొంగ కారుతుంది, గిట్టల మధ్య పుండ్లు పడతాయి, కొన్ని వారాలకు తేరుకుంటుంది. ఇక్కడ మాత్రం ఒక్క పశువుకు వచ్చినా మందంతా చంపేస్తారు, దేశం నుంచి మాంసం ఎగుమతి ఆగిపోతుంది. 2001 ఫిబ్రవరి 20న ఎసెక్స్‌లోని ఒక కబేళాలో పందులకు గాలికుంటు ఉందని తేలింది. వెనక్కి వెతుక్కుంటూ పోతే నార్తంబర్లాండ్‌లో హెడన్ ఆన్ ద వాల్ దగ్గరి పందుల ఫారం బయటపడింది. అక్కడ పందులకు సరిగా ఉడకబెట్టని ఎంగిలి తిండి పెట్టారు. ఈ సంగతి తేలేలోపే హెక్సమ్, లాంగ్‌టౌన్ సంతల గుండా గొర్రెలు దేశమంతా వెళ్లిపోయాయి. 2,000కు పైగా ఫారాల్లో రోగం కనిపించింది, 60 లక్షలకు పైగా పశువుల్ని చంపారు. అప్పుడు నేను కంబ్రియాలో పనిచేశాను. గ్రేట్ ఓర్టన్ పాత విమానాశ్రయంలో గోతులు తవ్వి, లారీల్లో తెచ్చిన గొర్రెల్ని పూడ్చిన రోజులవి. పొలాల మీది నడకదారులన్నీ మూసేశారు, వేట ఆగిపోయింది, మేలో జరగాల్సిన ఎన్నికలు జూన్‌కు వాయిదా పడ్డాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రేపు ఎప్పుడైనా ఒక రైతు "గేటు దాటి రావద్దు" అని కటువుగా అంటే నువ్వు నొచ్చుకోకూడదు. ఆ ఏడాది చూసినవాడు అలాగే అంటాడు.

జింకలకు గాలికుంటు వస్తుందా అంటే వస్తుంది. పిర్‌బ్రైట్ పశురోగ పరిశోధన కేంద్రంలో 1970ల్లో చేసిన ప్రయోగాల్లో రో జింక, ముంట్‌జాక్ తీవ్రంగా జబ్బుపడ్డాయి, కొన్ని చచ్చిపోయాయి. రెడ్, ఫాలో జింకల్లో మాత్రం పైకి పెద్దగా ఏమీ కనపడలేదు. నీ సఫోక్‌లో ఎక్కువగా తగిలేవి రో, ముంట్‌జాక్, ఫాలో. అంటే మొదటి రెండింటిలో రోగముంటే నీ కంటపడే అవకాశం ఉంది, ఫాలోలో ఉన్నా నీకు తెలియకపోవచ్చు. 1924లో కాలిఫోర్నియాలో ఈ రోగం అడవి జింకల్లోకి పాకితే, దాన్ని ఆపడానికి 22,000కు పైగా జింకల్ని కాల్చేశారు. బ్రిటన్‌లో 2001లో అడవి జింకల నుంచి రోగం వ్యాపించినట్టు ఎక్కడా తేలలేదు.

మరి వేట ఎందుకు ఆపుతారంటావా? జింక కంటే నువ్వు ఎక్కువ దూరం తిరుగుతావు కాబట్టి. ఉదయం ఒక ఫారంలో పేడ తొక్కుతావు, సాయంత్రం ఇంకో ఫారంలో అవే బూట్లతో దిగుతావు. మధ్యలో నీ కారు, నీ కుక్క, డిక్కీలో రక్తమోడే జింక. ఇంకో కారణం, తుపాకీ చప్పుళ్లకు, కుక్కల అలికిడికి జింకలు బెదిరి కొత్త చోట్లకు పరుగెడతాయి. రోగమున్న చోట వాటిని కదలకుండా ఉండనివ్వడమే మేలు. అందుకే గాలికుంటు నిర్ధారణ అయితే మీ జిల్లా పేరు ప్రకటనలో ఉందా లేదా అని చూస్తూ కూర్చోకు. ముందు రైఫిల్ క్యాబినెట్‌లో పెట్టి తాళం వేయి. తర్వాత ప్రకటన చదువు, రైతుకు ఫోన్ చేయి.

ప్రకటనలో ముందుగా చూడాల్సింది మ్యాప్. రోగం దొరికిన ఫారం చుట్టూ మామూలుగా 3 కిలోమీటర్ల ప్రొటెక్షన్ జోన్, 10 కిలోమీటర్ల సర్వైలెన్స్ జోన్ గీస్తారు. ఒక్కోసారి దాని చుట్టూ ఇంకా పెద్ద జోన్ కూడా పెడతారు. లోపల వేట పూర్తిగా వద్దనవచ్చు, లైసెన్స్ తీసుకుంటేనే అనవచ్చు, కళేబరాన్ని గీత దాటించొద్దనవచ్చు. నీలాంటి కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఫారం గీత లోపల ఉండి, కొట్టిన జింకను చల్లగా ఉంచే నీ చిల్లర్ గీత బయట ఉందనుకో. నీ దృష్టిలో అది పది నిమిషాల ప్రయాణం. చట్టం దృష్టిలో అది జోన్ లోంచి కళేబరాన్ని బయటికి తరలించడం. పైగా గీత రోజురోజుకూ మారుతుంది. నిన్న రాత్రి చూసిన మ్యాప్‌ని నమ్ముకోకు, బయల్దేరే రోజు పొద్దున మళ్లీ చూడు. వేట మాంసం కొనే గేమ్ డీలర్‌కి కూడా అప్పుడే ఫోన్ చేయి. ఆయన ఆ వైపు నుంచి సరుకు తీసుకోవడం మానేసి ఉండొచ్చు. కొట్టిన జింక ఎక్కడికి పోతుందో తేలకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. అది మామూలు రోజుల్లో కూడా పాటించాల్సిన పద్ధతే.

మాంసంలో వైరస్ సంగతి కూడా తెలుసుకో. ప్రాణం పోయాక కండ బిగుసుకుంటున్నప్పుడు అందులో లాక్టిక్ ఆమ్లం చేరి పీహెచ్ 6 కంటే కిందికి దిగుతుంది. గాలికుంటు వైరస్ ఆమ్లానికి తట్టుకోలేదు, కండలో నశిస్తుంది. కానీ ఎముక మూలుగులో, లింఫ్ గ్రంథుల్లో, గడ్డకట్టిన రక్తంలో, పేగుల్లో ఆమ్లం అంతగా పుట్టదు, వైరస్ బతికే ఉంటుంది. గాలికుంటు ఉన్న మన దేశం నుంచి గేదె మాంసాన్ని ఎముకలు, గ్రంథులు తీసేసి మాత్రమే విదేశాలకు పంపేది ఇందుకే. నువ్వు చర్మంతో, ఎముకలతో, తలతో సహా మోసుకెళ్లే జింకలో ఇవన్నీ ఉంటాయి. కాబట్టి "వండుకుంటే పోతుంది కదా" అనే వాదన ఇక్కడ చెల్లదు. వండేది ఒక ముక్క. కుక్కకు వేసే ఎముక, చెత్తబుట్టలో పడే తల వేరే దారిన పోతాయి.

అన్నట్టు, అమ్మ ఇండియా నుంచి వచ్చేటప్పుడు మటన్ పచ్చడి తెస్తానంటోంది. వద్దని గట్టిగా చెప్పు, మాంసం దేనితో చేసినా ఇక్కడికి తేవడం చట్టవిరుద్ధం. జర్మనీలో 2025 జనవరిలో గేదెలకు, మార్చిలో హంగరీ, స్లొవేకియాల్లో ఆవులకు గాలికుంటు వచ్చాక ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి శాండ్‌విచ్‌లో మాంసం, చీజ్ కూడా వెంట తేనివ్వడం లేదు. రైళ్లలో, ఫెర్రీల్లో వచ్చేవాళ్లకు అది చాదస్తంలా కనిపిస్తుంది. 2001లో అంతా మొదలైంది పందుల తొట్టిలో పడ్డ ఎంగిలితోనే.

ఇక నువ్వు భయపడుతున్న నీలి నాలుక రోగం. దీని దారి పూర్తిగా వేరు. పశువు నుంచి పశువుకు ముట్టుకుంటే అంటదు, క్యూలికాయిడిస్ అనే దోమలాంటి చిన్న కీటకం కుట్టడం వల్ల వస్తుంది. మనుషులకు రాదు, మాంసం తింటే ప్రమాదం లేదు. మహబూబ్‌నగర్, అనంతపురం గొర్రెల కాపర్లకు ఈ రోగం బాగా తెలుసు, వానలు పడ్డాక మూతులు వాచి గొర్రెలు చచ్చిపోతాయి. బ్రిటన్‌లో మొదటిసారి 2007లో మీ సఫోక్‌లోనే కనిపించింది. 2023 నవంబర్‌లో కెంట్‌లో మూడో రకం వైరస్ వచ్చింది, 2024 వేసవి చివర నార్ఫోక్ మొదలుకొని వేగంగా పాకింది. చివరికి 2025 జూలై 1 నుంచి ఇంగ్లాండ్ మొత్తాన్నీ ఒకే జోన్ చేశారు. అంటే ఇంగ్లాండ్ లోపల గీతల గొడవ లేదు. నీలి నాలుకను చూసి సఫోక్‌లో జింకల వేట మానుకోనక్కర్లేదు. ప్రాణమున్న పశువులను తరలించేవాళ్లకే రూల్స్ ఎక్కువ, ఎందుకంటే రక్తంలో వైరస్ ఉన్న పశువు కొత్త చోటికి పోతే అక్కడి కీటకాలు దాన్ని కుట్టి రోగాన్ని అందుకుంటాయి. అయినా జింక నాలుక, చిగుళ్లు వాచి నీలంగా కనిపిస్తే చెప్పాల్సిన బాధ్యత నీదే.

చెప్పడమంటే ఎలాగో కూడా రాస్తాను. నువ్వు ట్రెయిన్డ్ హంటర్‌వి కాబట్టి జింక పడ్డాక మొదటి పరీక్ష నీ చేతుల్లోనే ఉంటుంది. కొట్టకముందే ఎలా నడుస్తోందో బైనాక్యులర్‌లో చూడు. కుంటుతోందా, చొంగ కారుస్తోందా, మందకు దూరంగా వంగి నిలబడిందా? పడ్డాక నోరు తెరిచి నాలుక, పైదవడ ముందున్న పంటిమెత్త చూడు. గిట్ట పైన చర్మం మొదలయ్యే చోట, రెండు గిట్టల మధ్య బొబ్బలు గానీ పగిలిన పుండ్లు గానీ ఉన్నాయా చూడు. కడుపు తెరిచాక గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులు, ఊపిరితిత్తుల మధ్యవి, పేగుల పొర వెంట ఉన్నవి వేళ్లతో తడుము. రో జింకలో అవి చిక్కుడు గింజంత ఉండి, కోస్తే లోపల ఒకే తీరుగా ఉండాలి. చీము కారినా, పక్కటెముకల లోపలి గోడకు గడ్డలు అంటుకుని కనిపించినా క్షయ అని అనుమానించు. జింకల్లో క్షయ గడ్డలు పలుచని గోడతో, పలుచని చీముతో ఉంటాయి, మామూలు గడ్డే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. చేతికి గ్లవ్స్ లేకుండా ఈ పని చేయకు, క్షయ మనుషులకు అంటుతుంది.

ఏది కనిపించినా చేతిలో ఉన్న కత్తి పక్కన పెట్టు. జింకను అక్కడి నుంచి కదపకు, కళేబరానికి కట్టే ట్యాగ్ మీద సంతకం చేయకు, కుక్కను కట్టేయి. ఇంగ్లాండ్‌లో 03000 200 301కి ఫోన్ చేసి, ఏపీహెచ్ఏ (ప్రభుత్వ పశు ఆరోగ్య సంస్థ) వాళ్లు చెప్పేదాకా ఆగు. గాలికుంటు అనుమానమైతే నువ్వు కూడా అక్కడే ఆగాలి, ఇంకో ఫారంలో అడుగు పెట్టకూడదు. అంతా బాగుంటే మామూలు పద్ధతే: తేదీ, సమయం, చోటు రాసి ట్యాగ్ కట్టు, ఏ తేడా లేదని డిక్లరేషన్ ఇవ్వు, చిల్లర్‌లో 7 డిగ్రీలకు దిగేలా చూడు. డిక్లరేషన్ ఇచ్చాక తల, గుండె, ఊపిరితిత్తులు వెంట పంపనక్కర్లేదు. పేగులు, పొట్ట రోగం అనుమానం లేనంతవరకు అక్కడే పూడ్చొచ్చు. రోగమున్న కాలంలో మాత్రం రైతు ఏమంటే అది, నక్కలు తవ్వనంత లోతు గొయ్యి తీయి.

బూట్ల గురించి ఒక్క మాట. రోగనాశని మందు బురద మీద పనిచేయదు. చాలామంది టైర్ల మీద, బూట్ల మీద మందు చల్లి అయిపోయిందనుకుంటారు. ముందు బ్రష్‌తో, నీళ్లతో అడుగు గీతల్లోని మట్టి పోయేదాకా రుద్దు, ఆ తర్వాత డెఫ్రా (ఇక్కడి వ్యవసాయ, పర్యావరణ శాఖ) ఒప్పుకున్న మందును డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి వేయి. రెండు ఫారాలకు రెండు జతల బూట్లు కొనుక్కో. కారు గట్టి రోడ్డు మీదే ఆపు.

నీ స్నేహితులతో నార్వే వెళ్తానన్నావట. అక్కడ 2016లో నార్డ్‌ఫ్యెల్లా రెయిన్‌డీర్‌లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకజాతి మెదడును పాడుచేసి చిక్కిపోయేలా చేసే రోగం బయటపడితే ఆ కొండల మీది మందనంతా కాల్చేశారు. బ్రిటన్‌లో ఇంతవరకు లేదు. దానికి మందు లేదు, టీకా లేదు, అది మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, మామూలు రోగనాశనులకు చావదు. అమెరికాలో ఆ రోగమున్న చోట్ల మెదడు, వెన్నెముక ఉన్న కళేబరాన్ని రాష్ట్రం దాటనివ్వరు, ఎముకలు తీసిన మాంసం, శుభ్రం చేసిన కొమ్ములు మాత్రమే తీసుకెళ్లనిస్తారు. టెక్సస్‌లో ఉన్న మీ పిన్ని కొడుకును అడిగితే చెబుతాడు. నార్వేలో వేసుకున్న బూట్లు సఫోక్‌కి తేకు, అక్కడే వదిలెయ్. జింక మూత్రంతో చేసిన ఎర సీసాలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, కొనకు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేయి. ఈలోగా రెండు ఫారాల్లో గొర్రెలున్నాయా, ఆవులున్నాయా, నీ చిల్లర్‌కి పోయే దారిలో ఇంకెవరి పశువుల కొట్టాలు తగులుతాయో రైతుల్ని అడిగి రాసిపెట్టుకో. పొలాల సరిహద్దుల మ్యాప్ వాట్సాప్‌లో పంపు, ఏ గేటు వాడాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మావయ్య