సెగ్గడ్డలు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి... ఏ మందు వాడాలి?

ప్రశ్న: నా వయసు 46. ఆరు నెలలుగా తొడల మీద, పిరుదుల మీద సెగ్గడ్డలు లేస్తున్నాయి. మెడికల్ షాపులో అడిగి మూడు రోజులు మాత్రలు వేసుకుంటే తగ్గి, మళ్లీ వస్తున్నాయి. ఈసారి చీము కల్చర్ పరీక్షలో ‘ఎంఆర్‌ఎస్‌ఏ’ అని వచ్చింది. దీనికి అన్నిటికంటే పవర్ ఉన్న యాంటీబయాటిక్ ఏది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆరు నెలలుగా గడ్డలు వస్తున్నాయని రాశారు గానీ, షుగరు పరీక్ష మాట ఎక్కడా లేదు. నాకు ముందు దిగులు పుట్టించింది అదే. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) రెండూ ఈ వారంలోనే చేయించండి. షుగరు అదుపులో లేకపోతే ఏ మందు వాడినా గడ్డలు తిరగబెడుతూనే ఉంటాయి.

ఇక ఎంఆర్‌ఎస్‌ఏ. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాకు అది పొట్టి పేరు. ఆ మందు 1959లో వాడుకలోకి వస్తే, 1961కే ఇంగ్లండ్‌లో దానికి లొంగని ఈ రకం కనిపించింది. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ వంటివి దీని మీద పనిచేయవు. మీకు షాపులో ఇచ్చినవి బహుశా అలాంటివే. గడ్డ తనంతట తాను పగిలి చీము పోతే తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ పేరు మాత్రలకు వస్తుంది.

చీము పట్టిన గడ్డకు అసలు వైద్యం చిన్న గాటు పెట్టి చీమంతా తీసేయడమే. చీము నిండిన చోటికి మందు సరిగా చేరదు. ఇంట్లో పిన్నీసుతో పొడవకండి, పిండకండి. ఆ తర్వాత మాత్రలు కూడా అవసరమైతే, కల్చర్ రిపోర్టులో పనిచేస్తాయని చూపిన వాటిలోంచి డాక్టరు ఎంచుతారు. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్, కోట్రైమాక్సజోల్, లినెజోలిడ్... వీటిలో పవర్‌లో పెద్దది, చిన్నది అని ఉండదు. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో, ఇంకేం మందులు వాడుతున్నారో తెలియకుండా నేనిక్కడ ఒక పేరు చెప్పడం సరికాదు.

నా దగ్గరికి వచ్చే చాలామంది కవర్లో కత్తెరతో కత్తిరించిన మాత్రల ముక్కలు తెస్తారు. నాలుగు మాత్రలుంటాయి, మందు పేరున్న భాగం షాపులోనే ఉండిపోతుంది. ఏం వాడారో వారికీ తెలియదు, నాకూ తెలియదు. మీరూ ఆరు నెలలు ఇదే చేశారు. దయచేసి ఇక ఆపండి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనవద్దు, మొదలుపెట్టిన కోర్సును మధ్యలో మీ అంతట మీరు మానవద్దు.

తువ్వాలు, రేజరు ఎవరివి వారికే ఉండాలి. ఇంట్లో ఇంకెవరికైనా గడ్డలుంటే వారినీ తీసుకెళ్లండి. ముక్కులో రాసే ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ కొందరికి అవసరమవుతుంది, అదీ డాక్టరు చెబితేనే.

జ్వరం, చలి వచ్చినా, ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, పైకి కనిపించేదానికి మించి నొప్పి ఉన్నా, ముక్కు మీదో పైపెదవి మీదో గడ్డ లేచినా మర్నాటి దాకా ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.