అటక మీదున్న ఆ డబ్బానే మీ కేసు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 34 ఏళ్లు. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ ఫేస్ మాస్కు (ముఖానికి పెట్టుకునే చిన్న దీపాల మాస్కు) ప్రకటన చూసి మా ఆయన ఖాతా నుంచి 18,500 రూపాయలు కట్టి తెప్పించుకున్నాను. 2023 జూలై 6న ఇంటికొచ్చింది. ‘మంగును తగ్గిస్తుంది, అన్ని రకాల చర్మాలకూ సురక్షితం’ అని డబ్బా మీదే రాసుంది కదా అని ధైర్యంగా రోజూ రాత్రి ఇరవై నిమిషాలు పెట్టుకున్నాను. ఆగస్టు 18 రాత్రి మాస్కు తీసేసరికి బుగ్గలు కమిలిపోయినట్టు ఎర్రబడ్డాయి. వారం తిరిగేసరికి మంగు ముందుకన్నా రెండింతలు నల్లబడింది. వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లు వస్తే వాళ్ల ముందుకు రాలేక వంటింట్లోనే ఉండిపోయాను. ఆడబిడ్డ పెళ్లి ఫోటోల్లో నేను లేను. ‘ఉన్న ముఖం చెడగొట్టుకుంది’ అని మా అత్త ఇప్పటికీ అంటుంది. ఆగస్టు 21న కడప రిమ్స్‌లో చూపించుకున్నాను. వారంటీ ఏడాదే, అది అయిపోయింది. మొన్న వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాక కంపెనీ కదిలింది. మాస్కును దాని డబ్బాతో సహా తిరిగిస్తే డబ్బంతా ఇస్తాం, వచ్చే మంగళవారం మనిషిని పంపుతాం అని మెయిల్ పెట్టారు. డబ్బా అటక మీద ఉంది. ఇచ్చేయమంటారా? కేసు వేయాలంటే ఢిల్లీ దాకా పోవాల్నా? అప్పట్లో మొటిమలకని మెడికల్ షాపులో ఇచ్చిన డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకుంటూ ఉన్నాను. ఆ మాట లేకుండా, పాత తేదీతో గట్టి సర్టిఫికెట్ తెప్పిస్తానని మా మరిది స్నేహితుడు అంటున్నాడు. మా అక్క కూతురు కూడా ఇలాంటి మాస్కే కొంటానంటోంది. ఏం చూసి కొనాలో కూడా చెప్పండి.
— ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మంగళవారం వచ్చే మనిషికి ఆ డబ్బా ఇవ్వకండి. మాస్కూ ఇవ్వకండి. ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క మాట పట్టుకోండి.

మీ ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాం గానీ, మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు పెళ్లి, పేరంటం, అత్తగారి మాటలే. రేపు వినియోగదారుల కమిషన్ ముందు కేసు తేలేది మాత్రం మీరు మధ్యలో యథాలాపంగా రాసిన ఒక్క వాక్యం మీద: ‘మంగును తగ్గిస్తుంది, అన్ని రకాల చర్మాలకూ సురక్షితం’ అని డబ్బా మీద అచ్చయి ఉంది. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఊళ్లో ఎవరిని అడిగినా ‘వస్తువు లోపం’ అని కేసు వేయమనే చెబుతారు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 84 కింద తయారీదారును పట్టుకోవడానికి ఐదు దారులున్నాయి. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, తయారీ ప్రమాణాలు తప్పడం, ఇచ్చిన హామీకి వస్తువు తగినట్టు లేకపోవడం, వాడకం గురించి సరైన సూచనలూ హెచ్చరికలూ లేకపోవడం. మొదటి మూడు దారుల్లో వెళ్తే మాస్కును సీలు వేసి ప్రయోగశాలకు పంపాలి, దానికి ఫీజు మీరు కట్టాలి. ఆ దీపాలు చెప్పిన కొలత ప్రకారమే వెలుగుతున్నాయని రిపోర్టు వస్తే మీ పని అక్కడితో సరి. అలా వచ్చే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. మాస్కు పాడై ఉండకపోవచ్చు, మీ చర్మానికి అది పడకపోయి ఉండవచ్చు.

ఐదో దారి, హెచ్చరిక లేకపోవడం. ఇక్కడే మీ మాత్రలు అడ్డొస్తాయి. డాక్సీసైక్లిన్ చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేసే మందు. డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సింది. ఫిర్యాదుదారు డాక్టర్ రాయని ప్రిస్క్రిప్షన్ మందు ప్రభావంలో ఉండి వస్తువు వాడితే, హెచ్చరిక లేదన్న కారణంతో తయారీదారును బాధ్యుణ్ని చేయలేమని సెక్షన్ 87 చెబుతోంది. రోజూ వేసుకునే యాంటీబయాటిక్ మాత్రను ‘ప్రభావంలో ఉండటం’ అనొచ్చా అని వాదించవచ్చు, నేనైతే వాదిస్తాను. కానీ మీ కేసు మొత్తాన్ని ఆ వాదన మీద నిలబెట్టను.

ఇక మిగిలింది నాలుగో దారి, హామీ. సెక్షన్ 87లోని ఆ మాత్రల మినహాయింపు హెచ్చరిక లేని కేసుకే పరిమితం. హామీ తప్పిన కేసుకు అది వర్తించదు. పైగా సెక్షన్ 84(2) ప్రకారం, హామీ ఇవ్వడంలో నా నిర్లక్ష్యం లేదు, మోసం లేదు అని తయారీదారు నిరూపించుకున్నా బాధ్యత తప్పదు. ‘అన్ని రకాల చర్మాలకూ సురక్షితం’ అన్నాడు, మీ చర్మానికి కాలేదు. మంగు తగ్గుతుందన్నాడు, పెరిగింది. ఈ మాటలు ఎక్కడ ఉన్నాయి? వెబ్‌సైట్‌లో ఉంటే ఒక్క రాత్రిలో మార్చేస్తారు, మీరు కొన్న 2023 నాటి పేజీ ఈపాటికి అక్కడ ఉండకపోవచ్చు కూడా. అచ్చులో ఉన్నది మీ అటక మీద. డబ్బాతో సహా పంపమని వాళ్లు అడుగుతున్నారంటే దాని విలువ వాళ్లకు తెలిసే ఉండవచ్చు. ఆ మెయిల్‌లోని లింకు నొక్కితే ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న షరతుకు ఒప్పుకున్నట్టు రాసి ఉందేమో కూడా చూడండి. 18,500 చేతికొస్తుంది, కేసు చేతి నుంచి పోతుంది.

వాళ్లకు ఈ రోజే ఒక మెయిల్ పెట్టండి: వస్తువు సాక్ష్యంగా నా దగ్గర ఉంది, వినియోగదారుల కమిషన్ ఆదేశిస్తే అక్కడ అప్పగిస్తాను, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను. అంతే రాయండి. కోపంగా ఏమీ రాయకండి. రాజీ కావాలనుకుంటే ఫిర్యాదు వేశాక కమిషన్ ద్వారానే మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, అక్కడ కుదిరింది కాగితం మీద ఉంటుంది.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ సంగతి. అమ్మా, ఇది చాలా గట్టిగా చెబుతున్నాను. పాత తేదీ వేసిన కాగితాన్ని ముట్టుకోకండి. రిమ్స్‌లో మీకు 2023 ఆగస్టు 21న ఓపీ చీటీ ఇచ్చారు. దానికి నంబరుంది, ఆ నంబరు రిజిస్టర్‌లో ఉంది. మీరు పంపిన నకలులో డాక్టరు తన చేత్తోనే డాక్సీసైక్లిన్ వాడుతున్నట్టు రాశారు. మాత్రల మాట లేని ఇంకో సర్టిఫికెట్ అదే నెల తేదీతో పెడితే, అవతలి లాయరు రిమ్స్ రికార్డు తెప్పించమని ఒక్క దరఖాస్తు వేస్తాడు, నిజమైన మీ గాయం కూడా అబద్ధంగా కనిపిస్తుంది. కమిషన్ విచారణను చట్టం న్యాయవిచారణగానే చూస్తుంది. అబద్ధపు సర్టిఫికెట్ ఇవ్వడం, అది అబద్ధమని తెలిసి వాడటం భారతీయ న్యాయ సంహితలోని 234, 235 సెక్షన్ల కింద నేరాలు. తప్పుడు సాక్ష్యానికి వేసే శిక్షే వీటికీ వేస్తారు, సెక్షన్ 229 ప్రకారం అది ఏడేళ్ల వరకు ఉండొచ్చు. మీ మరిది స్నేహితుడు మీ మంచి కోరేవాడే కావచ్చు. జైలుకు వెళ్లాల్సి వస్తే మాత్రం అతనొక్కడే వెళ్లడు.

మాత్రల సంగతి ఫిర్యాదులో మీరే మొదట రాయండి. దాస్తే అది వాళ్ల ఆయుధం. చెబితే, ‘అన్ని చర్మాలకూ’ అన్నవాడు మాత్రలు వాడేవాళ్లను ఎందుకు మినహాయించలేదని మనం అడగవచ్చు. 2019 జూలైలో అమెరికాలో న్యూట్రోజీనా తన లైట్ థెరపీ మాస్కును వెనక్కి తీసుకుంది. కొన్ని కంటి జబ్బులున్నవాళ్లకు, కళ్లను వెలుతురుకు సున్నితం చేసే మందులు వాడేవాళ్లకు కంటికి హాని జరగవచ్చన్న అనుమానమే కారణం. అది కంటి సంగతే అయినా, కొన్ని మందులకూ ఈ దీపాలకూ పడదని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు 2023 నాటికి తెలియదనడానికి వీల్లేదు.

మీ అజాగ్రత్త గురించి కూడా చెప్పాలి. 18,500 పెట్టి కొన్న వస్తువులో ఉన్న కరపత్రం ఇంతవరకు విప్పి చదవలేదని మీరే రాశారు. ఇప్పుడే అటకెక్కి తీయండి. దానిలో ‘మంగు ఉన్నవారు వాడరాదు’ అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఉంటే కేసు బలం తగ్గుతుంది, కానీ పోదు. పైన పెద్ద అక్షరాల్లో మంగు తగ్గుతుందని రాసి లోపల వద్దనడం ఏమిటని అడగవచ్చు. ఉందా లేదా అన్నది ఫిర్యాదు రాసే ముందే నాకు తెలియాలి, తర్వాత అవతలివాళ్ల నోట వినకూడదు. ఫోన్ మార్చినప్పుడు ఆగస్టు నాటి ఫోటోలు పోయాయన్నారు. ఆ రోజుల్లో మీ చెల్లెలికి వాట్సాప్‌లో పంపానని రాశారు కాబట్టి, అవి ఆమె ఫోన్‌లో ఇంకా ఉండవచ్చు. ఉంటే ఆ ఫోన్‌లో ఏదీ చెరపొద్దని చెప్పండి. భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద ఆ ఫోటోలు ఆ ఫోన్‌లోవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్‌ను ఆమె పేరు మీద జతచేసి దాఖలు చేద్దాం.

గడువు. వారంటీ అయిపోయింది కాబట్టి కేసు పోయిందని మీరు అనుకుంటున్నారు. వారంటీ కంపెనీ పెట్టుకున్న గడువు. కేసుకు గడువు చట్టం పెట్టింది, సెక్షన్ 69 కింద వ్యాజ్య కారణం (కేసు వేయడానికి దారితీసిన సంఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీ విషయంలో ఆ రోజు చర్మం కమిలిన 2023 ఆగస్టు 18 అని నేను వాదిస్తాను. కానీ వస్తువు చేతికొచ్చిన జూలై 6 నుంచే లెక్కించాలని అవతలివాళ్లు అంటారు. ఆ తగవు మనకెందుకు? ముందు తేదీనే పట్టుకుందాం. 2025 జూలై 6 ఆదివారం, కాబట్టి జూలై 4 శుక్రవారం లోపు ఫిర్యాదు దాఖలై ఉండాలి. మీ ఉత్తరం జూన్‌లో వచ్చింది కాబట్టి సరిపోయింది. రెండేళ్లు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి కమిషన్‌ను బతిమాలాలి. కంపెనీతో మెయిళ్లు నడుస్తున్నాయి, హెల్ప్‌లైన్‌కు చెప్పాను అంటే గడువు ఆగదు. ఈ ఒక్క అపోహతో మన జిల్లాలోనే ఎన్నో మంచి కేసులు చచ్చిపోవడం చూశాను. లీగల్ నోటీసు ఇచ్చి జవాబు కోసం ఎదురుచూడాలన్న నిబంధన కూడా ఈ చట్టంలో లేదు. నేరుగా వేయండి.

ఢిల్లీ పోనక్కర్లేదు. ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే అక్కడే వేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది, అంటే కడప జిల్లా వినియోగదారుల కమిషన్. బిల్లు మీ ఆయన పేరున ఉన్నా కొన్నవారి అనుమతితో వాడినవారూ వినియోగదారే. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లాయరు ఖర్చు భారమైతే కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

ఎవరి మీద? మాస్కు బయటి దేశంలో తయారైతే దాన్ని దిగుమతి చేసినవారి పేరు, చిరునామా డబ్బా మీద ఉండాలి. వారిని, అమ్మినవారిని, ప్లాట్‌ఫాంను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. తయారీదారుకు మన చట్టం వర్తించకపోయినా, నోటీసు అందించలేకపోయినా అమ్మినవారే జవాబుదారీ అని సెక్షన్ 86 చెబుతోంది. డబ్బా మీద దిగుమతిదారు పేరే లేకపోతే అది మనకు అదనపు ఆధారం.

మీ బాధకు విలువ లేదని నేను అనడం లేదు. చట్టం శరీరానికి జరిగిన హానితో పాటు వచ్చిన మనోవేదనకు కూడా పరిహారం ఇస్తుంది. అందుకే ముందు శరీర హాని కాగితం మీద నిలవాలి. రిమ్స్ చీటీతో పాటు, ఇప్పటి పరిస్థితి మీద చర్మవైద్యుల చేత ఈ రోజు తేదీతో ఒక అభిప్రాయం రాయించుకోండి. నీలి కాంతి చామనఛాయ చర్మంలో నలుపును పెంచగలదని, మంగుకు వేడీ వెలుతురూ పడవని చర్మవైద్యులకు తెలిసిన విషయమే. మీ కేసులో అదే జరిగిందో లేదో ఆయన పరీక్షించి రాయాలి, మనం చెప్పి రాయించుకోకూడదు. వస్తువు ధర, వైద్య ఖర్చులు, పరిహారం, కేసు ఖర్చులు అడగండి. పాతిక లక్షలు అడిగితే పాతిక లక్షలు వస్తాయన్నది భ్రమ, అడిగినదానికి లెక్క చూపాలి.

మీ అక్క కూతురి విషయం. కొనే ముందు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి. దీపాల తరంగదైర్ఘ్యం (కాంతి రంగును చెప్పే కొలత) అంకెల్లో ఉండాలి: ఎరుపు 630 నానోమీటర్ల దరిదాపుల్లో, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ 830 దగ్గర, మొటిమలకు వాడే నీలి రంగు 415 దగ్గర. అంకెలివ్వకుండా ‘ఏడు రంగుల వైద్యం’ అనే మాస్కు వద్దు. ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అన్న మాటకు పడిపోవద్దు. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే సంస్థ, దాని దగ్గర పేరు నమోదైనంత మాత్రాన ఆ వస్తువుకు ఆమోదం వచ్చినట్టు కాదు. మొటిమలు తగ్గిస్తుందని అమ్మితే అది జబ్బుకు చికిత్స చేసే పరికరమని చెప్పుకుంటున్నట్టే. 2020 ఏప్రిల్ 1 నుంచి అలాంటి పరికరాలు మన ఔషధ చట్టం కిందికి వచ్చాయి కాబట్టి ఇక్కడి లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ నంబరు గానీ అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగమనండి. కళ్లకు అడ్డు ఉండాలి. ఏ మాత్ర వేసుకుంటున్నా ముందు చర్మవైద్యుణ్ని అడగాలి. ఆ పిల్లకు కూడా మంగు ఉంటే, నీలి రంగును విడిగా ఆపే వీలు లేని మాస్కు అసలు కొనొద్దని చెప్పండి.