ఆయాసంతో ఎమర్జెన్సీకి వెళ్తే ‘గుండె కుడివైపు ఉబ్బింది’ అన్నారు. ఇది గుండెపోటేనా?

మీ నాన్నగారికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చిందనీ, ఎమర్జెన్సీలో మంచం దగ్గరే ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండె కుడివైపు ఉబ్బిందన్నారనీ, బీపీ పడిపోయినా సెలైన్ కొద్దిగానే ఎక్కించారనీ రాశారు. ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే వైద్యుడిగా నా అనుభవంలో ఉన్నది చెబుతాను.

గుండెపోటు వల్లా అలా జరగవచ్చు గాని, కుడివైపు ఉబ్బడం దానంతటది జబ్బు పేరు కాదు. ఊపిరితిత్తులకు రక్తాన్ని పంపే కుడి జఠరిక (గుండె కింది భాగంలోని కుడి గది) గోడ పలచన కాబట్టి, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు ఆ ఒత్తిడికి తట్టుకోలేక త్వరగా సాగిపోతుంది. మామూలుగా ఎకోలో ఎడమ గదిలో మూడింట రెండు వంతులకు మించని కుడి గది, అప్పుడు దానితో సమానంగానో, ఇంకా పెద్దగానో కనిపిస్తుంది. రెండు గదుల మధ్య గోడ ఎడమవైపు ఒరిగి ఎడమ గది అర్ధచంద్రాకారంలోకి మారుతుంది. ఈ స్థితిలో సెలైన్ ఎక్కువైతే ఎడమ గది నిండే చోటు మరింత తగ్గి బీపీ ఇంకా పడిపోతుంది. అందుకే మీ డాక్టరు చేసింది సరైన పనేనని నా అభిప్రాయం.

తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత మంచం పట్టిన ఒక పెద్దాయనను ఆయాసంతో మా దగ్గరకు తెచ్చారు. స్టెతస్కోపు పెడితే రెండు ఊపిరితిత్తులూ శుభ్రంగానే వినిపించాయి, కానీ ఆక్సిజన్ తక్కువగా ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఒక పిక్క మాత్రం వాచి బిగుసుకుపోయింది. ఎకోలో కుడి గది పెద్దగా కనిపించడంతో రక్తం పలచబరిచే హెపారిన్ మొదలుపెట్టాం, తర్వాత రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ స్కాన్‌లో ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ బయటపడింది.

ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర వంట చేసిన ఒక అవ్వకు కూడా ఎకోలో కుడి గది ఇంతే పెద్దగా ఉంది, అయితే గోడ మందం 5 మిల్లీమీటర్లు దాటింది. అంత మందం ఒక్కరోజులో రాదు. అది పొగకు పాడైన ఊపిరితిత్తుల వల్ల ఏళ్లుగా పెరిగిన భారం. ఆమెకు కావలసిన వైద్యం వేరు.

కాబట్టి పాత ఎకో రిపోర్టు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి, ఈమధ్య జరిగిన ఆపరేషన్, దూరప్రయాణం, కాలివాపు, క్యాన్సర్ వైద్యం వంటివి అడగకపోయినా చెప్పండి. గడ్డేనని తేలితే రక్తం పలచబరిచే మందు కనీసం 3 నెలలు వాడాల్సి ఉంటుంది, సొంతంగా ఆపవద్దు. ఆ తర్వాత కూడా ఆయాసం తగ్గకపోతే మళ్లీ ఎకో తీయించమని పట్టుబట్టండి.